బురద ఎక్కుడు మీద ఫోర్ బై ఫోర్: ఏ డిఫరెన్షియల్ ఉన్న బండి కొనాలి?

వానకు నానిన ఎర్రమట్టి ఎక్కుడు మీద ఫోర్ బై ఫోర్ బండి, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండి, ఆగిపోయినప్పుడు ఇంజన్ రొద సంగతి వదిలేసి చక్రాల వైపు చూడండి. చాలాసార్లు నాలుగింటిలో రెండే గిర్రున తిరుగుతుంటాయి. ముందు ఒకటి, వెనక దానికి ఐమూలగా ఇంకొకటి. మిగతా రెండూ గట్టి నేల మీదే ఉంటాయి గానీ కదలవు. ఇంజన్‌లో బలముంది, నేలలో పట్టుంది, ఆ బలం ఆ పట్టు దాకా చేరడం లేదు. చేరనివ్వనిది ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బి కనిపించే హౌసింగ్ లోపలి డిఫరెన్షియల్, అంటే రెండు పక్కల చక్రాలకూ బలం పంచే గేర్ల అమరిక.

అందుకని బండి కొనేటప్పుడు "ఫోర్ బై ఫోర్ ఉందా?" అని అడిగి ఊరుకుంటే సగమే అడిగినట్టు. వెనక ఇరుసులో ఏ డిఫరెన్షియల్ ఉంది, ముందు ఇరుసులో ఏది ఉంది అని కూడా అడగాలి. షోరూమ్‌లో ఈ మాట అనగానే సేల్స్ కుర్రాడు బ్రోషర్ తిరగేస్తాడు. అతన్ని అనుకుని లాభం లేదు, బ్రోషర్‌లో కూడా ఈ సంగతి ఎక్కడో చివరి పేజీలో ఒక్క ముక్కలో ఉంటుంది. పాడేరు, మారేడుమిల్లి వైపు కొండల్లో తోటో పొలమో ఉన్నవాళ్లకు, వానాకాలంలో వికారాబాద్ అనంతగిరి మట్టిదారుల్లో తిరగాలని సరదాపడేవాళ్లకు ఆ ఒక్క ముక్కే ముఖ్యం.

సమానంగా పంచడమే చిక్కు

మలుపులో బయటివైపు చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం తిరగాలి. రెండింటినీ ఒకే కడ్డీకి బిగించేస్తే ఏదో ఒక టైరు రోడ్డు మీద రాసుకుపోతుంది, స్టీరింగ్ మొరాయిస్తుంది. రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనివ్వడానికే డిఫరెన్షియల్ పెట్టారు. తారు రోడ్డు మీద దానికి వంక పెట్టేదేం లేదు.

అదనపు ఏర్పాటు ఏదీ లేని మామూలు రకాన్ని ఓపెన్ డిఫరెన్షియల్ అంటారు. "జారే చక్రానికే పవరంతా పోతుంది" అని దీని గురించి మెకానిక్‌లు కూడా అంటుంటారు. జరిగేది కాస్త వేరు. ఓపెన్ డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన టార్కే, అంటే తిప్పే బలమే, ఇస్తుంది. బురదలో ఉన్న చక్రం తిరగడానికి కొద్దిపాటి టార్క్ చాలు, అంతకుమించి అది తీసుకోలేదు. దాంతో గట్టి నేల మీదున్న చక్రానికీ ఆ కొద్దిపాటే అందుతుంది. ఇది బుర్రకెక్కితే మిగతా పరికరాలు ఏం చేస్తాయో సులువుగా తెలుస్తుంది. కొన్ని రెండు చక్రాలనూ ఒకటిగా బిగించేస్తాయి, వీటినే లాకర్లు అంటారు. కొన్ని జారే చక్రం మీద కావాలని భారం పెట్టి, రెండో చక్రం వాటా పెంచుతాయి.

మధ్యలో ఇంకో సంగతి. థార్, జిమ్నీ, గూర్ఖా లాంటివి పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్‌లు. ఫోర్ హై (మామూలు వేగానికి) లేదా ఫోర్ లో (వేగం తగ్గించి బలం పెంచేది, దీన్నే లో రేంజ్ అంటారు) వేయగానే ట్రాన్స్‌ఫర్ కేస్ అనే గేర్ల పెట్టె ముందు షాఫ్టునూ వెనక షాఫ్టునూ కలిపి బిగిస్తుంది. అందుకే ఎండిన తారు మీద ఫోర్ బై ఫోర్‌లో మలుపు తిప్పితే బండి ఎవరో వెనక్కి లాగినట్టు బిగుసుకుంటుంది, గేర్లకు చేటు. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్, రష్యా వాళ్ల లాడా నీవా లాంటి బండ్లు ఎప్పుడూ నాలుగు చక్రాలతోనే నడుస్తాయి. వాటికి మధ్యన మూడో డిఫరెన్షియల్ ఉంటుంది, దాన్ని లాక్ చేసే లీవరూ ఉంటుంది. ఆ లీవర్ వేయడం మరిచిపోతే ఒక్క చక్రం జారినా బండి మొత్తం నిలబడిపోతుంది.

ఒక చిన్న లెక్క

బండి బరువు 1,800 కిలోలు అనుకుందాం. వంద మీటర్లకు 20 మీటర్లు లేచే ఎక్కుడు. బండి కిందికి జారకుండా పైకి కదలాలంటే దాదాపు 350 కిలోల తోపు కావాలి. ఒక్కో చక్రం మీద సుమారు 450 కిలోలు పడుతుంది. ఎడమవైపు రెండు చక్రాలూ నీళ్లు నిండిన గాడిలో, జిగురు బురదలో ఉన్నాయి. అక్కడ బరువులో పదోవంతు పట్టే దొరుకుతుందనుకోండి, అంటే చక్రానికి 45 కిలోలు. కుడివైపు గులక కలిసిన గట్టి నేల, బరువులో సగం పట్టు, అంటే 225 కిలోలు.

ముందూ వెనకా ఓపెన్ డిఫరెన్షియల్సే ఉంటే ప్రతి చక్రానికీ 45 చొప్పున మొత్తం 180. ఎక్కదు. కుడిపక్క అంత మంచి నేల ఉండీ ప్రయోజనం లేదు.

వెనక డిఫరెన్షియల్ లాక్ చేస్తే వెనక నుంచి 45, 225 కలిపి 270 వస్తుంది. ముందు నుంచి 90. మొత్తం 360. అంటే అంచు మీద ఉంది. బురద పట్టి లాగేది కూడా కలుపుకుంటే చాలకపోవచ్చు. కానీ ఎక్కుడు మీద బండి బరువు వెనక్కి వాలుతుంది కాబట్టి వెనక ఇరుసుకు దొరికే పట్టు నిజానికి ఇంకాస్త ఎక్కువ. పైకి ఎక్కేటప్పుడు ఒక్క లాకే ఉండే పక్షంలో అది వెనక ఉండాలని అందరూ కోరుకునేది అందుకే. ముందు కూడా లాక్ చేస్తే 540. ఇక దిగుల్లేదు.

ఇప్పుడు అదే ఎక్కుడు నిండా జిగురు బురదే అనుకోండి. నాలుగు చక్రాలకూ 45 చొప్పున 180. ఓపెన్ అయినా 180, రెండు లాకులు వేసినా 180. లాక్ చేసే పనల్లా ఉన్న పట్టును వాడుకోవడం. లేని పట్టును పుట్టించడం దానివల్ల కాదు. నల్లరేగడి నేలల్లో, ఏజెన్సీ గ్రామాల నిట్టనిలువు సిమెంటు రోడ్ల మీద వానాకాలం పాచి పట్టినప్పుడు ఇదే పరిస్థితి. అలాంటి చోట లక్షలు పోసి కొన్న లాకర్ కన్నా మంచి టైర్లు, తగ్గించిన గాలి ఎక్కువ పనిచేస్తాయి. ఎర్రమట్టిలో గులక, వేర్లు, నీటి కోతలు, గాళ్లు కలగలిసి ఉంటాయి. ఒక చక్రానికి దొరికే పట్టు ఇంకో చక్రానికి దొరకదు. లాక్ విలువ తెలిసేది అక్కడ. కాబట్టి మీ దారిలో మట్టి ఎలాంటిదో ముందు చూసుకోండి. బండి ఎంపిక సగం అక్కడే తేలుతుంది.

బ్రేకు సాయంతో నడిచేవి

మారుతీ జిమ్నీలో ముందూ వెనకా ఓపెన్ డిఫరెన్షియల్సే. వాటికి తోడు బ్రేక్ లిమిటెడ్ స్లిప్ అనే ఏర్పాటు ఉంది. ఒక చక్రం అదుపు తప్పి తిరుగుతోందని ఏబీఎస్ సెన్సర్లు పసిగట్టగానే కంప్యూటర్ ఆ ఒక్క చక్రానికే బ్రేకు వేస్తుంది. డిఫరెన్షియల్‌కు ఆ బ్రేకు కూడా భారంగానే కనిపిస్తుంది, దాంతో రెండో చక్రానికి టార్క్ పెరుగుతుంది. మహీంద్రా వాళ్లు దీన్నే బ్రేక్ లాకింగ్ డిఫరెన్షియల్ అంటారు. పేరులో లాకింగ్ అని ఉన్నా లోపల లాక్ అయ్యేదేమీ లేదు. ఈ పేరు చూసి లాకర్ ఉందనుకుని కొన్నవాళ్లు బోలెడుమంది.

పైన వేసిన లెక్కనే ఇక్కడా చూడండి. గట్టి నేల మీదున్న చక్రానికి 225 అందాలంటే జారే చక్రానికీ 225 పంపాలి. అందులో నేల తీసుకునేది 45, మిగతా 180 బ్రేకు తినేస్తుంది. ఇంజన్ ఆ వృథాను కూడా భరించాలి. అందుకే ఈ ఏర్పాటు ఉన్న బండిని ఫోర్ హైలో ఎక్కించబోతే గస పెడుతుంది, ఫోర్ లో వేస్తే బాగా పనిచేస్తుంది. జిమ్నీ లో రేంజ్ టార్క్‌ను దాదాపు రెండింతలు చేస్తుంది. బండి తేలిక కూడా కావడంతో చాలా ఎక్కుళ్లకు అది సరిపోతుంది.

దీనితో నడపడానికి ఒక అలవాటు కావాలి. చక్రం తిరగడం, కింద గరగరమని చప్పుడు రావడం మొదలవగానే కొత్తవాళ్లు కంగారుపడి యాక్సిలరేటర్ వదిలేస్తారు. వదిలితే కంప్యూటర్ కూడా బ్రేకు వదిలేస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. పాదం కదలకుండా నిలకడగా ఉంచి ఒకటి రెండు సెకన్లు ఓపిక పడితే రెండో చక్రం అందుకుంటుంది. సమస్య ఏమిటంటే ఆ ఒకటి రెండు సెకన్లలో బండి ఊపు పోతుంది, జారే చక్రం కొంచెం గొయ్యి తవ్వుకుంటుంది. చిన్న ఎక్కుడైతే పర్వాలేదు. గంటసేపు ఇదే పని పెట్టుకుంటే బ్రేకులు వేడెక్కుతాయి, చల్లారేదాకా సిస్టమ్ తప్పుకుంటుంది.

ఈ ఏర్పాటు కూడా లేని పాత జిప్సీ సంగతి? దానికి ఉన్న బలం దాని తేలికే. ఓపెన్ డిఫరెన్షియల్స్‌తోనే దాన్ని కొండలెక్కించిన డ్రైవర్లు ఉన్నారు, అది వాళ్ల చేతి పనితనం. ఏ చక్రం ఎక్కడ పెట్టాలో చూసుకుని, ఊపు పోకుండా తీసుకెళ్తారు. ఆ చేయి లేనివాళ్లు దాన్ని చూసి కొనడం వృథా.

తనంతట తానే లాక్ అయ్యేది

థార్ డీజిల్‌లో కొన్ని వేరియంట్లకు వెనక ఇరుసులో ఈటన్ కంపెనీ మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ వస్తుంది. స్కార్పియో-ఎన్ ఫోర్ బై ఫోర్‌లోనూ వెనక మెకానికల్ లాకింగ్ రకమే. దీనికి బటన్ లేదు, వైరు లేదు, కంప్యూటర్ లేదు. రెండు వెనక చక్రాల వేగంలో తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటగానే లోపలున్న చిన్న గుండ్లు విచ్చుకుని కొక్కెం పడుతుంది. టక్కుమని రెండు చక్రాలూ ఒకటైపోతాయి. బండి వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటాక లాక్ పడకుండా ఆపే ఏర్పాటు కూడా అందులోనే ఉంది, కాబట్టి హైవే మీద భయం లేదు.

లాక్ పడ్డాక ఇది సగం లాక్ కాదు, పూర్తి లాక్. వృథా లేదు, వేడెక్కడం లేదు. కొత్తగా ఆఫ్ రోడ్ నేర్చుకునేవాళ్లకు ఇది వరం, ఎందుకంటే ఏం నొక్కాలో గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నాకు నచ్చని సంగతి ఒకటే, అది జారిన తర్వాతే మేల్కొంటుంది. ఎక్కుడు మధ్యలో ఒక చక్రం జారాలి, గొయ్యి తవ్వాలి, తేడా 100 చుట్లు దాటాలి, అప్పుడు పడుతుంది. భయపడుతూ సన్నగా యాక్సిలరేటర్ ఇచ్చేవాళ్లకు అసలు పడకపోవచ్చు కూడా. ఒక్క క్షణం కాస్త గట్టిగా ఇవ్వాలి, టక్కు వినబడగానే తగ్గించాలి.

మీ చేతిలో ఉండే లాక్

ట్రాక్టర్ నడిపినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. దమ్ము మడిలో ఒక చక్రం దిగబడి తిరగడం మొదలవగానే మడమ దగ్గరున్న డిఫ్ లాక్ పెడల్ తొక్కుతారు. రెండు పెద్ద చక్రాలూ కలిసి తిరిగి ట్రాక్టర్ బయటపడగానే కాలు తీస్తారు. గట్టు దగ్గర మలుపు తిప్పేటప్పుడు తొక్కితే ట్రాక్టర్ తిరగదు, మొండిగా తిప్పితే లోపల ఏదో విరుగుతుంది. బండిలో లాకర్ వాడడానికి కావలసిన తెలివంతా ఇదే.

థార్ రాక్స్ ఫోర్ బై ఫోర్‌లో, టొయోటా హైలక్స్‌లో వెనక డిఫరెన్షియల్‌కు బటన్ నొక్కి వేసే ఎలక్ట్రానిక్ లాక్ ఉంది. ఫోర్స్ గూర్ఖాలో ముందుకీ వెనక్కీ విడివిడిగా లాక్ చేసే ఏర్పాటు కంపెనీ నుంచే వస్తుంది. మన దేశంలో తయారైన బండ్లలో ఆ ధరకు అలాంటిది ఇంకోటి దొరకదు. ఇంకా పై మెట్టున జీప్ ర్యాంగ్లర్ రూబికాన్ ఉంది, రెండు ఇరుసులకూ లాకులు, నాలుగింతల లో రేంజ్. మెర్సిడెస్ జీ క్లాస్‌కైతే మధ్యది కూడా కలిపి మూడు లాకులు. ఆ బడ్జెట్ ఉన్నవాళ్లకు నా సలహా అవసరం లేదు.

చేతి లాక్ గొప్పదనం ఒకటే. ఎక్కుడు మొదలుకాక ముందే వేయొచ్చు. కింద ఆగి, దారి చూసి, గాడి ఎటుందో, గట్టి నేల ఎటుందో అంచనా వేసి, లాక్ వేసుకుని, ఫోర్ లోలో మొదటి లేదా రెండో గేర్‌లో నిలకడగా వెళ్లిపోవచ్చు. చక్రం జారే వరకు ఆగక్కర్లేదు కాబట్టి దారి కూడా తవ్వుకుపోదు. వెనక వచ్చే బండికి అది పెద్ద ఉపకారం.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి. చక్రం గిర్రున తిరుగుతున్నప్పుడు లాక్ నొక్కకండి. ఆగి, నొక్కి, కొంచెం ముందుకో వెనక్కో కదిలిస్తే పళ్లు కూర్చుంటాయి, డాష్‌బోర్డ్ మీద లైటు మిణుకు ఆపి నిలకడగా వెలుగుతుంది. అప్పుడు బయలుదేరాలి. కొన్ని బండ్లలో వెనక లాక్ వేయగానే ముందు చక్రాల ట్రాక్షన్ కంట్రోల్ (జారే చక్రానికి బ్రేకు వేసే ఏర్పాటు) కూడా ఆగిపోతుంది. అంటే వెనక బలం పెరిగి ముందు తగ్గుతుంది. మీ బండిలో ఎలా ఉందో ఓనర్స్ మాన్యువల్‌లో చూసుకోవాలి. ముందు లాక్ వేస్తే స్టీరింగ్ రాయిలా అవుతుంది, బండి తిన్నగానే పోవాలని చూస్తుంది. హెయిర్‌పిన్ మలుపులో అది పనికిరాదు. తిన్నగా ఉన్న ఎక్కుడు ముక్కలో మాత్రమే వేసి, దాటగానే తీసేయాలి.

లిమిటెడ్ స్లిప్, ఆల్ వీల్ డ్రైవ్

వీటి గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే బురద ఎక్కుడు కోసం కొనేవాళ్లకు ఇవి మొదటి ఎంపికలు కావు. క్లచ్ పలకలతో పనిచేసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కొత్తలో బాగుంటుంది, పలకలు అరిగేకొద్దీ ఓపెన్‌లా మారుతుంది. టోర్సెన్ లాంటి గేర్లతో పనిచేసే రకం అరగదు. అమెరికా సైన్యం హమ్వీ అనే తన బండ్లలో వాడింది దీన్నే. అది జారే చక్రం తీసుకున్న టార్క్‌కు కొన్ని రెట్లు రెండో చక్రానికి ఇస్తుంది. మూడు రెట్లు అనుకుంటే మన లెక్కలో వెనక నుంచి 180, ముందు నుంచి 90, మొత్తం 270 వస్తుంది. ఓపెన్ కన్నా చాలా మెరుగే గానీ ఆ ఎక్కుడుకు చాలదు. చక్రం గాల్లోకి లేస్తే సున్నాకు మూడు రెట్లు కూడా సున్నానే. అప్పుడు ఎడమ కాలితో బ్రేకు కొద్దిగా తొక్కి పట్టి యాక్సిలరేటర్ ఇస్తే కదులుతుంది.

పాత డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్, గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్ లాంటివి ఎక్కువగా ముందు చక్రాలతో నడిచి, అవసరమైనప్పుడు ఒక క్లచ్ ద్వారా వెనక్కి బలం పంపుతాయి. లాక్ మోడ్ అని రాసి ఉండేది ఆ మధ్య క్లచ్‌ను బిగించడమే, చక్రాల డిఫరెన్షియల్‌ను కాదు. లో రేంజ్ ఉండదు. అరకు వానలో తడి ఘాట్ రోడ్డుకు, హోమ్‌స్టే దాకా వేసిన మట్టిరోడ్డుకు ఇవి హాయిగా ఉంటాయి. గాళ్లు పడిన నిటారు ఎక్కుడు మీద పదేపదే ప్రయత్నిస్తే క్లచ్ వేడెక్కి వెనక చక్రాలు చేతులెత్తేస్తాయి.

పక్కవాలు దగ్గర లెక్క తిరగబడుతుంది

ఇంతవరకు లాక్ ఉంటే మంచిదన్నట్టే చెప్పుకొచ్చాను. ఘాట్ మట్టిదారుల్లో అసలు ప్రమాదం వేరే చోట ఉంది, దాని గురించి అమ్మేవాళ్లు మాట్లాడరు.

కొండ చుట్టూ తవ్విన దారి ఒక పక్కకు వాలి ఉంటుంది. కొన్నిచోట్ల లోయ వైపే వాలి ఉంటుంది. టైరుకు నేల ఇచ్చే పట్టు మొత్తం ఒక్కటే. ముందుకు తోయడానికి ఎంత ఖర్చయితే, పక్కకు జారకుండా ఆపడానికి అంత తక్కువ మిగులుతుంది. గిర్రున తిరుగుతున్న టైరుకు పక్కకు ఆపే శక్తి దాదాపు ఉండదు.

ఓపెన్ డిఫరెన్షియల్‌తో పక్కవాలు మీద వెళ్తున్నప్పుడు పైవైపు చక్రం మీద బరువు తక్కువ కాబట్టి అదే జారి తిరుగుతుంది. కిందివైపు చక్రం తిరగకుండా నిలబడి బండి వెనక భాగాన్ని పట్టి ఉంచుతుంది. బండి ముందుకు పోదు, పక్కకూ పోదు. అదే వెనక లాక్ వేసి ఉంటే రెండు చక్రాలూ కలిసే జారతాయి. పట్టి ఉంచే చక్రం ఒక్కటీ మిగలదు. వెనక భాగం నెమ్మదిగా పల్లం వైపు పాకుతుంది. కొండ వైపు కాలువలోకైతే ఖర్చుతో పోతుంది, లోయ వైపైతే చెప్పనక్కర్లేదు.

ఈ ఒక్క కారణం చేత నేను తనంతట పడే లాక్ కన్నా బటన్ లాక్‌కే ఓటేస్తాను. మెకానికల్ రకం పక్కవాలు మీద కూడా తేడా 100 చుట్లు దాటగానే టక్కుమని పడుతుంది, మిమ్మల్ని అడగదు. అది ఉన్న బండితో పక్కవాలు మీద యాక్సిలరేటర్ చాలా సన్నగా ఇవ్వాలి, వెనక చక్రం తిరగడం మొదలైతే వెంటనే కాలు తీయాలి. ఎక్కుడు మీద చెప్పినదానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. బ్రేకు సాయం ఉన్న బండి ఈ చోట మెతకగా ఉంటుంది, కొద్దికొద్దిగా పట్టి వదులుతుంది కాబట్టి వెనక భాగం ఒక్కసారిగా తప్పుకోవడం తక్కువ. జిమ్నీని పూర్తిగా తీసిపారేయకపోవడానికి ఇదొక కారణం.

దిగేటప్పుడు

దిగుడులో ఫోర్ లో, మొదటి గేర్, క్లచ్ మీద కాలు పెట్టకపోవడం. ఈ మూడూ ఉంటే ఏ డిఫరెన్షియల్ అయినా ముప్పాతిక పని అయినట్టే. ఫోర్ బై ఫోర్ వేయగానే ఇంజన్ బిగింపు, అంటే యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజన్ బండిని ఆపిపట్టే బలం, నాలుగు చక్రాలకూ చేరుతుంది. టూ వీల్‌లో దిగితే వెనక రెండింటికే చేరుతుంది, పైగా దిగుడులో వెనక భాగం తేలికగా ఉంటుంది, కాబట్టి వెనక చక్రాలు జారడం సులువు. ఖాళీగా ఉన్న దారి చూసి ఫోర్ బై ఫోర్ తీసేసి దిగేవాళ్లను చూస్తే నాకు టెన్షన్.

వెనక లాక్ మాత్రం దిగుడులో సాధారణంగా తీసేయడమే మేలు, మలుపులున్న చోట అది బండిని తిన్నగా తోస్తుంది. దిగుడులో వేగాన్ని తనే అదుపు చేసే హిల్ డిసెంట్ కంట్రోల్ ఉంటే అది ఒక్కో చక్రాన్ని విడిగా బ్రేకు చేస్తుంది, మనకున్నది ఒకే పెడల్ కాబట్టి మనం చేయలేని పని అది.

ఎక్కుడు మధ్యలో ఆగిపోయినవాళ్లు బండిని అడ్డంగా తిప్పి దిగాలని చూడకూడదు. అడ్డంగా తిరిగిన క్షణంలో పక్కవాలు మొదలవుతుంది. బ్రేకు పట్టి, రివర్స్ గేర్ వేసి, స్టీరింగ్ తిన్నగా పెట్టి, ఇంజన్ బిగింపు మీదే వెనక్కి దిగాలి.

ఏది ఎవరికి

వారాంతాల్లో లంబసింగి, వంజంగి వైపు వెళ్లేవాళ్లు, ఏడాదిలో ఎక్కువ రోజులు సిటీలోనే తిప్పేవాళ్లు లాకర్ కోసం వేరియంట్ పెంచుకోనక్కర్లేదు. బ్రేకు సాయం, లో రేంజ్ ఉన్న జిమ్నీ చాలు. మిగిలిన డబ్బుతో రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ టైర్లు, ఒక చిన్న కంప్రెసర్ కొనుక్కోవచ్చు. బురద ముందు టైర్లలో గాలి 20 పీఎస్ఐ దాకా తగ్గించి, నెమ్మదిగా దాటి, తారు రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకోవాలి. తారు రోడ్డు కోసం చేసిన హెచ్‌టీ టైర్లతో లాకర్ ఉన్న బండి కన్నా మంచి టైర్లతో లాకర్ లేని బండి నయం. ఈ మాట చెప్తే లాకర్ ఉన్నవాళ్లు ఒప్పుకోరు, అది వేరే సంగతి.

కొండ మీద పొలమో తోటో ఉండి, వానాకాలంలో కూడా బస్తాలు వేసుకుని వారం వారం ఎక్కాల్సినవాళ్లకు వెనక బటన్ లాక్ ఉన్న బండి సరైనది. హైలక్స్ అయితే సామాన్లకు పనికొస్తుంది, రాక్స్ అయితే ఇంట్లోవాళ్లకూ సౌకర్యం. గాళ్లు మోకాలి లోతున పడే దారి అయితే, బండి సోకు కన్నా పని ముఖ్యమనుకుంటే గూర్ఖా. సస్పెన్షన్ ఎంత దిగినా ఒక చక్రం గాల్లో లేచే చోట రెండు లాకుల విలువ తెలుస్తుంది. కాకపోతే లోపల కూర్చునేవాళ్లు సిటీ ట్రాఫిక్‌లో దాన్ని ఇష్టపడతారని చెప్పలేను.

థార్ డీజిల్ మెకానికల్ లాక్ మధ్యస్థం. దారి ఎక్కువగా తిన్నటి ఎక్కుళ్లే అయితే, నడిపేవాళ్లు ఇద్దరు ముగ్గురు మారుతుంటే అది మంచి ఎంపిక, ఎవరికీ బటన్ నేర్పక్కర్లేదు. పక్కవాలు దారులు ఎక్కువుంటే ఆలోచించండి. ఏ బండి అయినా సరే, మహీంద్రా లాంటి కంపెనీలు ఏడాదికోసారి వేరియంట్లు మార్చేస్తుంటాయి కాబట్టి బుకింగ్ చేసేముందు ఆ నెల స్పెక్ షీట్‌లో వెనక డిఫరెన్షియల్ గురించి రాసిన ముక్క చదవండి. "లాకింగ్" ముందు "బ్రేక్" ఉందా, "మెకానికల్" ఉందా, "ఎలక్ట్రానిక్" ఉందా చూడాలి. బయట లాకర్ వేయించుకుందామనుకుంటే వారంటీ సంగతి ముందు రాతపూర్వకంగా తేల్చుకోండి. వేసేవాడికి క్రౌన్, పినియన్ (డిఫరెన్షియల్‌ను తిప్పే జంట గేర్లు) సెట్ చేయడం బాగా తెలిసుండాలి, లేకపోతే హౌసింగ్ ఊళ పెడుతుంది.

సెకండ్ హ్యాండ్ బండి చూసేటప్పుడు

గట్టి చదును నేల మీద ముందు చక్రాలకు రెండువైపులా రాళ్లు పెట్టి, వెనక రెండు చక్రాలూ లేచేలా స్టాండ్ల మీద నిలపండి. గేర్ న్యూట్రల్, టూ వీల్, హ్యాండ్ బ్రేకు తీసి ఉండాలి. ఒక వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. ఓపెన్ అయితే రెండోది ఎదురు దిశలో తిరుగుతుంది. ఇప్పుడు లాక్ వేసి, అది పడిందని లైటు నిలకడగా చూపిస్తే మళ్లీ తిప్పండి. రెండూ ఒకే దిశలో తిరిగితే లాక్ పనిచేస్తోంది. లైటు వెలిగి కూడా చక్రాలు ఎదురుగానే తిరుగుతుంటే పళ్లు కూర్చోవడం లేదు, లేదా మోటారో కేబులో పోయింది. ఏళ్ల తరబడి వాడకుండా వదిలేసిన లాకులకు ఇది మామూలే, ఆ మేరకు బేరం ఆడండి. గూర్ఖా అయితే ముందు ఇరుసుకూ ఇదే పరీక్ష.

ఈటన్ మెకానికల్ రకానికి ఈ చేతి పరీక్ష పనికిరాదు. నెమ్మదిగా తిప్పితే అది ఓపెన్‌లాగే ఎదురు తిరుగుతుంది, అది సహజం. దాన్ని చూడాలంటే ఒక పక్క బురద, ఒక పక్క గట్టి నేల ఉన్న చదును చోటుకు బండి తీసుకెళ్లి, టూ వీల్‌లో బురద చక్రం జారేలా కాస్త యాక్సిలరేటర్ ఇవ్వాలి. చక్రం ఒకటి రెండు చుట్లు తిరిగేలోపు టక్కు వినబడి బండి ముందుకు కదలాలి. చక్రం అలా తిరుగుతూనే ఉండి, ఎంత ఇచ్చినా టక్కు రాకపోతే లోపల కొక్కెం అరిగినట్టే లెక్క. అప్పుడు అమ్మేవాడు ఆయిల్ మారిస్తే సరిపోతుందని చెప్పినా, ఆయిల్ మార్పించి అదే చోట మళ్లీ చూపించమనండి. డబ్బు ఆ తర్వాతే.